క్యాన్సర్ నొప్పి: ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లు.. ఫోన్‌లో నర్సు సాయం ఎంతవరకు పనికొస్తుంది?

రాత్రి పన్నెండు దాటింది. ఉదయగిరి దగ్గర ఒక పల్లె అనుకోండి. చెన్నైలో క్యాన్సర్ చికిత్స చేయించుకుని ఇంటికొచ్చిన పెద్దాయన మంచం మీద మెలికలు తిరుగుతున్నాడు. నొప్పి మాత్ర సాయంత్రమే వేశారు. ఇప్పుడు ఇంకోటి వేయొచ్చా? ఇంట్లో ఎవరికీ తెలీదు. నెల్లూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. చెన్నై అయితే అక్కడి నుంచి ఇంకో 170 కిలోమీటర్లకు పైనే. "తెల్లారనీ, చూద్దాం" అనుకుంటూ ఇల్లంతా మేలుకుని కూర్చుంటుంది.

సీతారామపురం, వరికుంటపాడు, మర్రిపాడు, అనంతసాగరం.. వెలిగొండల పక్కనున్న ఏ మండలంలో అయినా ఈ పరిస్థితి రావొచ్చు. ఆపరేషన్, కీమో, రేడియేషన్ పెద్ద ఊళ్లో జరుగుతాయి. నొప్పి మాత్రం ఇంటికొచ్చాక మొదలవుతుంది. మరి ఆ మధ్య దూరాన్ని చేతిలోని ఫోన్ తగ్గించగలదా? ఆన్‌లైన్‌లో నర్సు ఏం చేయగలరు, ఏం చేయలేరు? ఒక్కొక్కటిగా చూద్దాం.

"క్యాన్సర్ అన్నాక నొప్పి ఉంటుంది" అనుకోవడమే మొదటి తప్పు

చాలా ఇళ్లల్లో వినిపించే మాట ఇదే. ఈ రోగానికి నొప్పి తప్పదు, ఓర్చుకోవాల్సిందే అని రోగి అనుకుంటాడు. పదే పదే చెబితే పిల్లలు భయపడతారని దాచిపెడతాడు. డాక్టర్ దగ్గరకు వెళ్లిన రోజు కూడా "బాగానే ఉంది సార్" అనేసి వచ్చేస్తాడు.

కానీ క్యాన్సర్ నొప్పిని చాలామందిలో మందులతోనే అదుపు చేయొచ్చు. 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికో పద్ధతి చెప్పింది. దాన్నే మూడు మెట్ల పద్ధతి అంటారు. నొప్పి తక్కువైతే పారాసిటమాల్ లాంటివి, మధ్యస్థంగా ఉంటే కాస్త బలమైనవి, తీవ్రంగా ఉంటే మార్ఫిన్ లాంటివి. 2018లో ఈ మార్గదర్శకాలను సవరించారు. ఇప్పుడు అందరూ మెట్టు మెట్టుగానే ఎక్కాలని లేదు. నొప్పి తీవ్రతను బట్టి డాక్టర్ నేరుగా బలమైన మందుతోనే మొదలుపెట్టొచ్చు.

అసలు కిటుకు ఇంకోటి ఉంది. మందు గడియారం చూసి వేయాలి. నొప్పి వచ్చాక వేసేది కాదు, నొప్పి రాకుండా వేసేది. ఆరు గంటలకోసారి అని డాక్టర్ రాస్తే, నొప్పి లేకపోయినా ఆరు గంటలకు వేయాల్సిందే. "ఇప్పుడు బాగానే ఉంది కదా, ఈ పూటకి ఆపుదాం" అని ఆపితే, తర్వాత వచ్చే నొప్పిని దించడానికి చాలా టైమ్ పడుతుంది. పైన చెప్పిన పెద్దాయన ఇంట్లో జరిగింది కూడా ఇదే కావొచ్చు. సాయంత్రం మాత్ర పనితనం అర్ధరాత్రికి అయిపోయింది. మధ్యలో నొప్పి పైకి లేస్తే వేసుకోవాల్సిన అదనపు మాత్ర గురించి ఎవరూ అడగలేదు, ఎవరూ రాయించుకోలేదు.

నర్సు ఫోన్ చేస్తే నొప్పి తగ్గుతుందా? పరిశోధనలు ఏం చెబుతున్నాయంటే..

ఇది మాటవరసకు చెప్పేది కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 405 మంది క్యాన్సర్ రోగులపై ఒక అధ్యయనం జరిగింది. 16 క్యాన్సర్ వైద్య కేంద్రాలను తీసుకున్నారు. వాటిలో పల్లెటూళ్లవి కూడా ఉన్నాయి. సగం మందికి మామూలు వైద్యమే. మిగతా సగం మందికి దాంతోపాటు నర్సు ఫోన్‌లో అందుబాటులో ఉన్నారు. రోగులు తమ నొప్పి ఎంతుందో ఫోన్ ద్వారా గానీ, ఇంటర్నెట్ ద్వారా గానీ చెబుతుండేవారు. నర్సు దాన్ని చూసి, డాక్టర్‌తో మాట్లాడి, మందుల్లో మార్పులు చేయించేవారు. 2010లో వచ్చిన ఫలితాల్లో నర్సు సాయం ఉన్నవాళ్లకు నొప్పి, దిగులు రెండూ ఎక్కువగా తగ్గాయి.

రెండోది న్యూయార్క్‌లో జరిగింది. కీమో తీసుకుంటున్న 766 మందిని తీసుకున్నారు. కొందరు తమ బాధలను ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో నమోదు చేశారు. ఏదైనా ముదిరితే వెంటనే నర్సుకు మెయిల్ వెళ్లేది. నర్సు ఫోన్ చేసి ఏం చేయాలో చెప్పేవారు. 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మామూలు వైద్యం పొందినవాళ్లు మధ్యస్థంగా 26 నెలలు బతికితే, ఇలా నమోదు చేసినవాళ్లు 31.2 నెలలు బతికారు. అంటే ఐదు నెలలు ఎక్కువ. కొత్త మందేమీ ఇవ్వలేదు. బాధను ముందే విన్నారు, ముందే స్పందించారు. అంతే తేడా.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రెండు చోట్లా పని చేసింది యాప్ కాదు. యాప్ వెనక ఉన్న నర్సు, ఆ నర్సు వెనక ఉన్న డాక్టర్.

మన దగ్గర ఆ నర్సు ఎక్కడున్నారు?

ఊళ్లోనే ఉన్నారు. మనం గుర్తించడం లేదంతే. రాష్ట్రంలో పది వేలకు పైగా విలేజ్ హెల్త్ క్లినిక్‌లు ఉన్నాయి. ఇప్పుడు వీటి బోర్డుల మీద ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని కనిపిస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం ఇంకా సబ్ సెంటర్ అనే అంటారు. అక్కడుండే ఎంఎల్‌హెచ్‌పీ అంటే బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్లు. వాళ్లకు తోడు ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త.

ఈ క్లినిక్ నుంచి డాక్టర్‌తో వీడియోలో మాట్లాడే ఏర్పాటు పేరు ఈ-సంజీవని. ఇది కేంద్ర ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ. 2019 నవంబర్‌లో హెల్త్ సెంటర్ల ద్వారా దీన్ని మొదట అమల్లోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశే. 2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ సమయంలో, ఇంటి నుంచే మాట్లాడే పద్ధతి కూడా వచ్చింది.

ఇంటి నుంచి అయితే ఫోన్‌లో ఈ-సంజీవని యాప్ వేసుకోవాలి. మొబైల్ నంబర్ ఇస్తే ఓటీపీ వస్తుంది. వివరాలు నింపితే టోకెన్ ఇస్తారు. వరుస వచ్చాక వీడియోలో డాక్టర్ కనిపిస్తారు. మందుల చీటీ ఫోన్‌కే వస్తుంది. డబ్బులేమీ కట్టక్కర్లేదు.

కానీ క్యాన్సర్ రోగికి క్లినిక్ దారే మేలు. ఎందుకంటే నర్సు పక్కనే ఉండి బీపీ, జ్వరం చూసి చెబుతారు. చికిత్స కాగితాలు చూస్తారు. పెద్దాయన దాచిన మాట కూడా బయటికి తీస్తారు. మంచం దిగలేని స్థితిలో ఉంటే ఇంటికొచ్చి చూడమని ఆశా కార్యకర్త ద్వారా కబురు పెట్టొచ్చు. ఇంట్లో సిగ్నల్ అందకపోయినా క్లినిక్‌లో పని జరిగే అవకాశం ఎక్కువ.

"నొప్పిగా ఉంది" అంటే సరిపోదు.. ఇలా చెప్పాలి

ఫోన్‌లో వైద్యం మాట మీదే నడుస్తుంది. మాట ఎంత స్పష్టంగా ఉంటే మందు అంత సరిగ్గా కుదురుతుంది. నర్సుతో సంభాషణ ఇలా ఉంటుందనుకోండి.

"పెద్దాయనా, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతా ఉంది?"

"నడుం కాడ మొదలై పిక్కదాకా లాగతా ఉందమ్మా. కరెంటు కొట్టినట్టు ఉంటది."

"రాత్రి నిద్ర పట్టిందా?"

"యాడ నిద్ర? తెల్లవార్లూ మేలుకోనే ఉండా."

"కాళ్లు పట్టు తప్పుతా ఉండాయా? ఒంటేలుకి పోవడం ఇబ్బందిగా ఉందా?"

ఈ మూడు ప్రశ్నల్లోనే చాలా ఉంది. కరెంటు కొట్టినట్టు, మంట పెట్టినట్టు ఉంటే అది నరాల నొప్పి కావొచ్చు. దానికి మామూలు నొప్పి మాత్రలు చాలవు, వేరే రకం మందులు కలపాలి. ఒకేచోట లోపల తొలిచినట్టుగా, కదిలితే ఎక్కువయ్యేలా ఉంటే ఎముకకు పాకిన నొప్పి కావొచ్చు. ఇక మూడో ప్రశ్న వెన్నుపాము నొక్కుకుపోతోందేమో పట్టుకోవడానికి. దానికి "అవును" అని జవాబొస్తే ఫోన్ పెట్టేసి బండి ఎక్కాల్సిందే.

నొప్పిని సున్నా నుంచి పది వరకు మార్కుల్లో చెప్పమంటారు. సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఇంతకు మించి ఉండదు. పెద్దవాళ్లకు ఈ లెక్క పట్టుబడకపోతే రూపాయి లెక్కలో అడగండి. "పావలా నొప్పా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అంటే టక్కున చెప్పేస్తారు.

ఫోన్ చేసే ముందు ఒక నోటు పుస్తకంలో ఇవి రాసిపెట్టుకోండి.

- నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎలాంటిది?
- మందు వేయకముందు మార్కులెన్ని? వేసిన గంటకు ఎన్ని?
- ఏ మాత్ర, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ టైమ్‌కు వేశారు? పేరు తెలీకపోతే మాత్ర అట్ట ఫొటో తీసి ఉంచుకోండి.
- మధ్యలో నొప్పి పైకి లేచి అదనపు మాత్ర ఎన్నిసార్లు వేయాల్సి వచ్చింది?
- విరేచనం ఎప్పుడయింది? వాంతులు, మగత ఉన్నాయా?
- చివరి కీమో ఏ తేదీన? పాత డిశ్చార్జి కాగితం ఎక్కడుంది?

వారం రోజుల పుస్తకం చేతిలో ఉంటే పది నిమిషాల కాల్‌లో తేలాల్సింది తేలుతుంది. లేకపోతే "బాగానే ఉందా?" "ఆఁ, పర్లేదు" దగ్గరే ఆగిపోతుంది.

మెడికల్ షాపులో అడిగి మాత్రలు వేస్తున్నారా? జాగ్రత్త

డాక్టర్ దూరంగా ఉన్నప్పుడు చాలామంది చేసే పని ఇదే. కానీ కీమో నడుస్తున్నవాళ్లలో ప్లేట్‌లెట్లు తగ్గి ఉండొచ్చు. అలాంటప్పుడు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రక్తస్రావానికి, కిడ్నీ దెబ్బకు దారితీయొచ్చు. రెండు వేర్వేరు పేర్లతో ఉన్న మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉండి, తెలీకుండానే డోసు రెట్టింపై లివర్ దెబ్బతినొచ్చు.

ఇంకో విషయం. పారాసిటమాల్ వేస్తే జ్వరం కూడా దిగిపోతుంది. కీమో రోగికి జ్వరం అంటే ఇన్‌ఫెక్షన్ గుర్తు కావొచ్చు. అందుకే మాత్ర వేసే ముందు థర్మామీటర్ పెట్టి చూడండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే అది ఆగే విషయం కాదు.

మార్ఫిన్ అంటే భయమెందుకు? ఫోన్‌లో ఎందుకు రాయరు?

ఇక్కడే అసలు చిక్కు. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ముఖ్యమైన మందు. కానీ ఆ పేరు చెప్పగానే "ఆ మందు మొదలెట్టారంటే ఇక అయిపోయినట్టే" అనుకుంటారు. అలవాటైపోతుందని భయపడతారు. నిజానికి మార్ఫిన్ ఇచ్చేది చావు దగ్గర పడిందని కాదు, నొప్పి ఎక్కువగా ఉందని. డాక్టర్ పర్యవేక్షణలో నొప్పికి సరిపడా వాడితే చాలామంది లేచి కూర్చుని, నాలుగు ముద్దలు తిని, నిద్రపోగలుగుతారు.

రెండో కారణం చట్టం. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక మార్ఫిన్ పెట్టుకోవాలంటేనే ఆస్పత్రులు వెనకాడాయి. రకరకాల లైసెన్సులు కావాల్సి వచ్చేవి. 2014లో ఆ చట్టాన్ని సవరించి, మార్ఫిన్ సహా కొన్నింటిని అత్యవసర మందులుగా గుర్తించి దారి సులువు చేశారు. అయినా అందరికీ అందడం లేదు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించే దేశం మనది. కానీ మన అవసరంలో 4 శాతం మేరకే ఇలాంటి మందులు రోగులకు అందుతున్నాయని 2017లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది.

మూడోది ఆన్‌లైన్ నిబంధన. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మాదకద్రవ్యాల చట్టం కిందకొచ్చే మందులను ఫోన్‌లో, వీడియోలో రాయకూడదు. మార్ఫిన్ ఆ జాబితాలో ఉంది. 2018లో ట్రమడాల్ కూడా ఈ చట్టం పరిధిలోకి వచ్చింది. కాబట్టి "వీడియో కాల్‌లో మార్ఫిన్ రాస్తాం, ఇంటికి పంపుతాం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మరి దారేంటి? ఒకసారి నేరుగా వెళ్లాల్సిందే. మార్ఫిన్ ఉంచే అనుమతి ఉన్న ఆస్పత్రిలో డాక్టర్ చూసి రాసిస్తారు. నెల్లూరులో ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి, రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆస్పత్రి ఉన్నాయి. తిరుపతిలో స్విమ్స్‌తో పాటు టాటా ట్రస్ట్స్, టీటీడీ సహకారంతో 2022 మేలో ప్రారంభమైన క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. వెళ్లే ముందు "నొప్పి విభాగం ఉందా? మార్ఫిన్ మాత్రలు దొరుకుతాయా?" అని ఫోన్ చేసి అడగండి. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే పాత ఆరోగ్యశ్రీ, వర్తిస్తుందో లేదో అక్కడి ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

తర్వాత వారాల్లో నర్సు సాయం చాలా పనికొస్తుంది. మార్ఫిన్ మొదలుపెట్టిన చాలామందికి మలబద్ధకం వస్తుంది. దానికి విరేచనం మందు మొదటి రోజు నుంచే వాడాలి. మొదటి కొన్ని రోజులు మగత, వికారం ఉండొచ్చు. మెల్లగా తగ్గుతాయి. ఇవి తెలీక చాలామంది మందే ఆపేస్తారు. ఉన్నట్టుండి ఆపడం ఇంకా ప్రమాదం. నర్సుకు చెబితే డాక్టర్‌ను అడిగి సర్దుబాటు చేయిస్తారు.

ఇంట్లో పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. మామూలు మార్ఫిన్ మాత్ర పనితనం నాలుగు గంటల వరకు ఉంటుంది. పన్నెండు గంటలు పనిచేసే మాత్రలు కూడా ఉంటాయి, వాటిని నలిపి, పొడి చేసి ఇవ్వకూడదు. ఫెంటనిల్ ప్యాచ్ అంటిస్తే దానిమీద వేడినీళ్ల బ్యాగు పెట్టకూడదు, మందు ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కుతుంది. అన్నీ తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందకుండా ఉంచాలి.

ఎముక నొప్పికి ఇంకో మాట. ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పిని చాలామందిలో ఒక్క విడత రేడియేషన్‌తోనే తగ్గించొచ్చు. వారాల తరబడి పట్నంలో గది తీసుకుని ఉండాలేమోనని ఆగిపోయేవాళ్లు "ఒకే రోజులో అయ్యే రేడియేషన్ మాకు సరిపోతుందా?" అని డాక్టర్‌ను అడగాలి.

ఇవి కనిపిస్తే ఫోన్‌లో టైమ్ వేస్ట్ చేయొద్దు.. 108కి కొట్టండి

- కాళ్లలో పట్టు తప్పడం, మొద్దుబారడం, ఒంటేలు ఆగిపోవడం
- కీమో రోగికి 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, చలి వణుకు
- పిలిచినా పలకనంత మగత, ఊపిరి బాగా నెమ్మదించడం
- ఎక్కడైనా ఆగని రక్తస్రావం
- ఒక్కసారిగా వచ్చిన భరించలేని కొత్త నొప్పి, ఆయాసం
- మందు కూడా లోపల నిలవనంతగా వాంతులు

మొదటి లక్షణం విషయంలో గంటలు కూడా లెక్కే. ఆలస్యమైతే కాళ్లు శాశ్వతంగా పడిపోవచ్చు.

కేరళ చేసింది.. హైదరాబాద్ కూడా

ఇంటి దగ్గరే నొప్పికి వైద్యం అనేది మనకు కొత్త కావొచ్చు గానీ దేశానికి కొత్త కాదు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎంఆర్ రాజగోపాల్, ఆయన సహచరులు చిన్నగా మొదలుపెట్టిన పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ, తర్వాత కేరళ అంతటా ఇళ్లకు వెళ్లే నర్సుల వ్యవస్థకు బాట వేసింది. రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ ఆధ్వర్యంలో నొప్పి విభాగం ఏర్పడింది. తర్వాత తెలంగాణ జిల్లాల్లోనూ పాలియేటివ్ కేర్ కేంద్రాలు వచ్చాయి. ఈ అన్నిచోట్లా రోగికి ఎక్కువగా దగ్గరగా ఉన్నది నర్సులే.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నర్సులూ ఉన్నారు, వీడియో కాల్ ఏర్పాటూ ఉంది. కావాల్సింది ఆ రెంటినీ నొప్పి కోసం వాడుకోవడం. దగ్గర్లో మార్ఫిన్ దొరకడం మాత్రం ప్రభుత్వం తేల్చాల్సిన పని. అది దొరకనంతవరకు ఫోన్ సాయం సగం దారిలోనే ఆగుతుంది.

మనసు నొప్పి కూడా నొప్పే

నొప్పి, దిగులు ఒకదాన్నొకటి పెంచుతాయి. రోగికే కాదు, రాత్రిళ్లు మేలుకునే భార్యకు, కూలి మానుకుని కూర్చునే కొడుక్కి కూడా ఆ భారం ఉంటుంది. మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఏ టైమ్‌లో అయినా తీస్తారు. తెలుగులోనే మాట్లాడతారు.

రేపు పొద్దున ఏం చేయాలి?

ముందు విలేజ్ క్లినిక్‌కు వెళ్లి నర్సుకు "మా ఇంట్లో క్యాన్సర్ పేషెంట్ ఉన్నారు, నొప్పి ఇంత ఉంటోంది" అని చెప్పండి. వాళ్ల నంబర్ తీసుకోండి. రెండోది, ఈ రోజే నోటు పుస్తకం మొదలుపెట్టండి. మూడోది, ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు "రాత్రి నొప్పి లేస్తే ఏ మాత్ర, ఎంత, ఎన్ని గంటల తర్వాత వేయాలి?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. మందు, డోసు నిర్ణయం ఎప్పుడూ డాక్టర్‌దే. ఈ కథనం చదివి సొంతంగా మార్చకండి.

రాత్రి పన్నెండు గంటలప్పుడు ఆ ఒక్క కాగితం ఇంట్లో ఉంటే చాలు. తెల్లారేదాకా ఎదురుచూడాల్సిన పని చాలాసార్లు ఉండదు.